ఫైర్ అలారం, దొంగల అలారం వాడకం: తిరుపతి, చిత్తూరు షాపులు, లాడ్జీలు, కల్యాణ మండపాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అలారం బిగించినవాళ్లు వెళ్లిపోయిన మర్నాటి నుంచి మొదలయ్యే సందేహాలివి. లాడ్జి కౌంటర్లో రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, షాపు తాళాలు చేతిలో ఉన్నవాళ్లు, మండపం మేనేజర్లు మళ్లీ మళ్లీ ఇవే అడుగుతున్నారు కాబట్టి ఒకచోట చేర్చాం. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. కంపెనీని బట్టి బటన్ల పేర్లు కాస్త మారతాయి, పనితీరు మాత్రం ఇదే.

## కొత్తగా బిగించినప్పుడు

ఫైర్ అలారం, దొంగల అలారం రెండూ ఒకే ప్యానెల్లో (సెన్సర్ల వైర్లన్నీ వచ్చి కలిసే కంట్రోల్ డబ్బాలో) పెట్టిస్తే ఖర్చు తగ్గదా?

తగ్గుతుంది, కానీ చిన్న షాపుకు తప్ప అలా చేయించకండి. రెండింటి స్వభావాలు వేరు. దొంగల అలారాన్ని రాత్రి ఆన్ చేస్తాం, పొద్దున ఆఫ్ చేస్తాం. ఫైర్ అలారం 24 గంటలూ మేలుకునే ఉండాలి. దాన్ని ఆఫ్ చేసే కోడ్ రోజూ వాడే మనిషి చేతిలో ఉండకూడదు. పైగా దొంగల అలారం తలుపులు మూసి ఉంచమంటుంది, ఫైర్ అలారం తెరవమంటుంది. ఒకే ప్యానెల్ వాడక తప్పదంటే పొగ డిటెక్టర్లు, పానిక్ స్విచ్ (ఆపదలో నొక్కే బటన్) ఉన్న జోన్లను, అంటే ప్యానెల్ విడిగా గమనించే భాగాలను, '24 గంటల జోన్'గా ప్రోగ్రాం చేయించండి. అప్పుడు సిస్టమ్ డిజార్మ్‌లో ఉన్నా, అంటే దొంగల అలారం ఆఫ్ చేసి ఉన్నా, అవి పనిచేస్తాయి. రెండు మోతలూ వేరుగా వినపడాలి. ఏది మోగితే బయటికి పరుగెత్తాలో, ఏది మోగితే లోపలికి వెళ్లకూడదో పనివాళ్లకు చెవితోనే తెలియాలి.

ప్యానెల్ మీద లైట్లకు అర్థమేంటి?

పచ్చ లైటు ఒక్కటే వెలుగుతుంటే అంతా బాగున్నట్టు, మెయిన్ కరెంటు అందుతోంది. ఎరుపు వెలిగితే నిప్పు లేదా పొగ. పసుపు వెలిగితే ఫాల్ట్: వైరు తెగడం, పొగను, వేడిని పసిగట్టే డిటెక్టర్ ఊడిపోవడం, బ్యాటరీ దిగిపోవడం, ఎర్త్ తగలడం లాంటివి. పసుపు లైటుతో వచ్చే సన్నని కీచుమోతను ఆపేసి, లైటును అలాగే నెలల తరబడి వదిలేసే అలవాటు చాలాచోట్ల ఉంది. పసుపు వెలుగుతున్న జోన్లో నిప్పు పుడితే ప్యానెల్‌కు తెలియకపోవచ్చు. ఆ అంతస్తుకు ఆ రాత్రి అలారం లేనట్టే లెక్క. 'ల్యాంప్ టెస్ట్' నొక్కితే లైట్లన్నీ ఒకసారి వెలగాలి. వెలగనిది ఉంటే అది మాడిపోయింది.

కన్వెన్షనల్ చాలంటారొకరు, అడ్రసబుల్ కావాలంటారొకరు. ఏది పెట్టించాలి?

కన్వెన్షనల్ ప్యానెల్ 'రెండో అంతస్తులో ఎక్కడో' అని మాత్రమే చెబుతుంది. అడ్రసబుల్ ప్యానెల్ '214 గది' అని చెబుతుంది. గాంధీ రోడ్డులో ఒక్క అంతస్తు బట్టల షాపుకు నాలుగు జోన్ల కన్వెన్షనల్ చాలు, లోపలికి చూస్తే ఎక్కడ పొగ వస్తోందో కనిపిస్తుంది. నలభై గదుల లాడ్జి అయితే అడ్రసబులే మేలు. తాళం వేసి దర్శనానికి వెళ్లిన గదుల్లో ఏ గదిలో పొగో వెతకడానికే పది నిమిషాలు పోతాయి. కన్వెన్షనల్ తీసుకోక తప్పదనుకుంటే ప్రతి గది తలుపు పైన బయటివైపు రెస్పాన్స్ ఇండికేటర్ పెట్టించండి. లోపలి డిటెక్టర్ పట్టగానే వరండాలో ఆ ఎర్ర దీపం వెలుగుతుంది.

ప్యానెల్‌ను సెల్లార్లో, జనరేటర్ పక్కన పెడతామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

వద్దు. రాత్రంతా మనిషి ఉండే చోట, అంటే రిసెప్షన్లోనో సెక్యూరిటీ గదిలోనో, కంటి ఎత్తులో ఉండాలి. సెల్లార్లో మోగితే ఎవరికీ వినపడదు. నీళ్ల సంగతి కూడా ఉంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులే ఏరులయ్యాయి, సెల్లార్ల సంగతి చెప్పక్కర్లేదు. ప్యానెల్‌కు విడిగా ఒక ఎంసీబీ (కరెంటు బ్రేకర్ స్విచ్) ఇచ్చి, దాని మీద 'ఫైర్ అలారం, ఆపకూడదు' అని తెలుగులో రాయించండి. ప్యానెల్ పక్కనే జోన్ చార్టు అతికించండి: ఒకటో జోన్ గ్రౌండ్ ఫ్లోర్, రెండో జోన్ మొదటి అంతస్తు, ఇలాగ. పేపరు మీద బిల్డింగు ప్లాను గీసి రంగులేస్తే ఇంకా మంచిది.

ఏ గదికి ఏ డిటెక్టర్?

పడక గదులు, వరండాలు, బట్టల గోడౌను, రికార్డు రూము: పొగను పట్టే ఆప్టికల్ స్మోక్ డిటెక్టర్. వంటగది, జనరేటర్ రూము, పూజగది, హోమం జరిగే చోటు: హీట్ డిటెక్టర్. సాధారణంగా దొరికే హీట్ డిటెక్టర్లు సుమారు 57 డిగ్రీల దగ్గర పనిచేస్తాయి. వాటిలో 'రేట్ ఆఫ్ రైజ్' రకం వేడి ఒక్కసారిగా పెరిగినా మోగుతుంది. పెద్ద పొయ్యిలున్న వంటగదికి అది పనికిరాదు, ఫిక్స్‌డ్ రకమే (వేడి ఆ డిగ్రీలకు చేరితేనే మోగేది) పెట్టాలి. ఏసీ గాలి వచ్చే చోటుకు, ఫ్యానుకు కనీసం మీటరు దూరం, గోడకు అర మీటరు దూరం ఉంచండి. గాలి విసురుకు పొగ పక్కకు పోయి డిటెక్టర్లోకి చేరదు.

## రోజూ మూసేటప్పుడు, తెరిచేటప్పుడు

షాపు మూసేటప్పుడు ఏ వరసలో చేయాలి?

ముందు మనుషులు. ట్రయల్ రూములు, బాత్‌రూము, మిద్దె మీది గోడౌను చూసి ఎవరూ లేరని తేల్చుకోండి. తర్వాత పూజ దీపం, అగరుబత్తి ఆర్పాలి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకాలి. కిటికీలు, వెనక తలుపు మూయాలి. ఫ్యాన్లు ఆపాలి. అప్పుడు కీప్యాడ్ చూడండి: 'రెడీ' అని ఉంటే కోడ్ కొట్టి 'అవే' (లోపల ఎవరూ లేనప్పటి) మోడ్‌లో ఆర్మ్ చేయండి, అంటే అలారం ఆన్ చేయండి. 30 నుంచి 60 సెకన్లు ఎగ్జిట్ డిలే ఉంటుంది. ఆలోపు బయటికొచ్చి షట్టర్ దించాలి. బయటికొచ్చాక ఒక నిమిషం ఆగి, సైరన్ మోగలేదని, ఆర్మ్ అయినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చిందని చూసుకుని కదలండి. తాళం వేసేసి బండెక్కాక గుర్తొచ్చే పనులే ఎక్కువ.

'జోన్ ఓపెన్' అని ఆర్మ్ కావడం లేదు. బైపాస్ నొక్కి వెళ్లిపోవచ్చా?

వెళ్లొచ్చు, కానీ ఆ రాత్రి ఆ తలుపుకు కాపలా లేనట్టే. ముందు కీప్యాడ్ చూపించే నంబరు ఏ తలుపుదో చార్టులో చూడండి. చాలాసార్లు తలుపు పూర్తిగా పడి ఉండదు, లేదా మాగ్నెటిక్ సెన్సర్ రెండు ముక్కల మధ్య ఎడం పెరిగి ఉంటుంది. మామూలు తలుపు సెన్సర్‌కు రెండు సెంటీమీటర్లకు మించి ఎడం ఉంటే పట్టదు. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి, చలికాలంలో కుంచించి ఈ ఇబ్బంది తెస్తుంది. రోలింగ్ షట్టర్‌కు మామూలు సెన్సర్ కాదు, నేలకు బిగించే లోహపు హెవీ డ్యూటీ సెన్సర్ వాడాలి. ఒకే జోన్‌ను వారంలో రెండుసార్లు బైపాస్ చేయాల్సి వస్తే మరమ్మతు చేయించాలి. బైపాస్ మర్నాటి డిజార్మ్‌తో తొలగిపోతుందో, మీరే తీయాలో మీ ప్యానెల్లో ఒకసారి చూసి తెలుసుకోండి.

పొద్దున షట్టర్ ఎత్తగానే సైరన్ కొడుతోంది, వీధంతా తిరిగి చూస్తోంది. ఎలా ఆపాలి?

ఎంట్రీ డిలే (తలుపు తెరిచాక కోడ్ కొట్టడానికి ఇచ్చే వ్యవధి) చాలకపోవడమో, మీరు లోపలికొచ్చే దారిలో ఉన్న సెన్సర్ 'ఇన్‌స్టంట్' జోన్‌గా (వ్యవధి లేకుండా వెంటనే మోగేదిగా) ఉండటమో కారణం. షట్టర్ ఎత్తి, లైటు వేసి, కీప్యాడ్ దగ్గరికి చేరడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. దానికి పది సెకన్లు కలిపి డిలే పెట్టించండి. రెండు షట్టర్లున్న షాపులో రోజూ ఒకే షట్టర్ మొదట తెరవాలి, దానికే డిలే ఇవ్వాలి. డిలేను రెండు మూడు నిమిషాలు పెట్టమని అడుగుతుంటారు. దొంగకు కూడా అన్ని నిమిషాలు దొరుకుతాయి.

రాత్రి కుర్రాళ్లు షాపులోనే పడుకుంటారు. బయట షట్టర్‌కు తాళం వేసి అలారం పెట్టొచ్చా?

ఈ ప్రశ్నకు ఒకటే జవాబు: మనిషి లోపలుండగా బయట తాళం వేయకూడదు. బట్టల షాపులో, ప్లాస్టిక్ సామాన్ల గోడౌనులో నిప్పంటుకుంటే పొగ కొన్ని నిమిషాల్లోనే నేల దాకా దిగుతుంది. మంట కంటే ముందు పొగే చంపుతుంది. తాళంచెవి మీ ఇంట్లో ఉంటే, మీరు నిద్రలేచి బండి తీసి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. లోపల పడుకోక తప్పదంటే లోపలి నుంచి చేత్తో తీయగలిగే ఇంకో తలుపు ఉండాలి, దానికి ఏ తాళంచెవీ అక్కర్లేని గడియ ఉండాలి. వాళ్లు పడుకునే చోట స్మోక్ డిటెక్టర్, హూటర్ (మోత పెట్టే సైరన్) రెండూ ఉండాలి. దొంగల అలారాన్ని 'అవే'లో కాక 'స్టే' మోడ్‌లో పెట్టండి. తలుపులు, షట్టర్లు కాపలాలో ఉంటాయి, లోపలి మోషన్ సెన్సర్లు నిద్రపోతాయి. ఆ పిల్లలకు డిజార్మ్ కోడ్ చెప్పి ఉంచండి. కోడ్ తెలియక, సైరన్ మోగుతుందన్న భయంతో తలుపు తీయకుండా ఆగిపోయే పరిస్థితి ఉండకూడదు.

కోడ్ ఎంతమందికి చెప్పాలి?

మనిషికో కోడ్ ఇవ్వండి. అందరికీ ఒకటే 1234 పెడితే ఎవరు తెరిచారో లాగ్‌లో (ప్యానెల్ దాచుకునే రికార్డులో) తెలియదు. మాస్టర్ కోడ్ యజమాని దగ్గరే ఉండాలి. మనిషి పని మానేసిన రోజే అతని కోడ్ తీసేయండి. కీప్యాడ్ మీద నాలుగు అంకెలు మాత్రమే అరిగి కనిపిస్తుంటే కోడ్‌లు మార్చే సమయమైంది.

బెదిరించి తెరిపిస్తే ఏం చేయాలి?

నగల షాపుల్లో డ్యూరెస్ కోడ్ తప్పకుండా పెట్టించాలి. ఆ కోడ్ కొడితే అలారం మామూలుగా ఆగిపోయినట్టే కనిపిస్తుంది, కానీ పెట్టిన నంబర్లకు చడీచప్పుడు లేకుండా కబురు వెళ్తుంది. గల్లాపెట్టె కింద మోకాలికో పాదానికో అందే పానిక్ స్విచ్‌ను కూడా సైలెంట్‌గా పెట్టించండి. ఆయుధం ఉన్న మనిషి ముందు సైరన్ మోగితే కౌంటర్లో ఉన్నవాళ్లకే ముప్పు.

## మోగిన ఆ నిమిషంలో

ఫైర్ అలారం మోగింది. మొదట ఏ బటన్ నొక్కాలి?

మొదట బటన్ కాదు, జోన్ నంబరు చూడండి, కాగితం మీద రాయండి. తర్వాత 'అక్నాలెడ్జ్' నొక్కితే ప్యానెల్‌లోని బజర్ ఆగుతుంది, అంతస్తుల్లో హూటర్లు మోగుతూనే ఉంటాయి. అలాగే మోగనివ్వాలి. ఒకరు ప్యానెల్ దగ్గర ఉండి ఫోను పట్టుకోవాలి, ఇంకొకరు టార్చి, మాస్టర్ తాళంచెవి తీసుకుని మెట్ల మీదుగా ఆ అంతస్తుకు వెళ్లాలి. లిఫ్ట్ ఎక్కకూడదు. మూసిన గది తలుపును చేతి వెనక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవకూడదు, గాలి తగిలి మంట ముఖం మీదికి వస్తుంది. పొగ గానీ మంట గానీ కనిపించిందా, వెంటనే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి, మనుషులను దించాలి. మంట చెత్తబుట్ట అంతే ఉండి, మీ వెనక బయటికి దారి ఉంటేనే మంటలార్పే సిలిండర్ పట్టుకోండి. ఒక సిలిండర్ ఖాళీ అయ్యేలోపు ఆరకపోతే బయటికి వచ్చేయాలి. ఏమీ లేదని కళ్లారా చూసి తిరిగొచ్చాకే 'సైలెన్స్', ఆ తర్వాతే 'రీసెట్'.

రీసెట్ కొడితే ఆగుతుంది కదా, ముందే కొడితే నష్టమేంటి?

కన్వెన్షనల్ ప్యానెల్లో రీసెట్ కొట్టగానే జోన్‌కు వెళ్లే కరెంటు కొన్ని సెకన్లు తెగుతుంది, పట్టిన డిటెక్టర్ మీద వెలుగుతున్న ఎర్ర లైటు ఆరిపోతుంది. ఏ డిటెక్టర్ పట్టిందో చెప్పే ఆధారం అదొక్కటే. దాన్ని మీరే చెరిపేసినట్టవుతుంది. పొగ ఇంకా ఉంటే మళ్లీ మోగుతుంది, కానీ ఈలోపు నిమిషం, రెండు నిమిషాలు పోతాయి. సైలెన్స్ అంటే మోత మాత్రమే ఆపడం, రీసెట్ అంటే ప్యానెల్ జరిగింది మర్చిపోవడం. మోత చెవులకు హింసగా ఉంటుంది నిజమే, అది హింసగా ఉండేలాగే తయారుచేస్తారు.

రూముల్లో ఉన్నది తమిళులు, కన్నడిగులు, ఉత్తరాది వాళ్లు. సైరన్ మోగినా తలుపు తీయరు. ఎలా దించాలి?

కొత్త ఊళ్లో మోత వింటే చాలామంది 'ఏదో పండగ' అనుకుంటారు, లేదా తలుపు గడియ పెట్టుకుంటారు. అందుకే నోటితో చెప్పాలి. తలుపు గట్టిగా కొట్టి నాలుగు భాషల్లో ఒక్కో వాక్యం చాలు. తెలుగులో 'నిప్పు! మెట్ల మీదుగా కిందికి రండి'. తమిళంలో 'నెరుప్పు! పడి వళియా కీళ వాంగ'. కన్నడంలో 'బెంకి! మెట్టిలు ఇళిదు కెళగె బన్ని'. హిందీలో 'ఆగ్ లగీ హై! సీఢీ సే నీచే ఆఇయే'. ఇవి కౌంటర్లో, ప్రతి అంతస్తు బాయ్‌ల గదిలో అతికించండి. మైకు ఉంటే ఇవే రికార్డు చేసి ఉంచండి. తెల్లవారుజాము దర్శనానికి వెళ్లేవాళ్లు సాయంత్రమే పడుకుంటారు, అలసటతో మొద్దునిద్రలో ఉంటారు. అందుకే తలగడ దగ్గర మోత కనీసం 75 డెసిబెల్స్ ఉండాలని లెక్క. తలుపు మూసి, ఏసీ వేసి ఒక గదిలో విని చూడండి, వరండాలో గట్టిగా ఉన్నంత మాత్రాన చాలదు. కిందికి దించాక రిజిస్టరు చూసి గదుల వారీగా పేర్లు పిలవండి. ముసలివాళ్లను, చంటిపిల్లల తల్లులను కింది అంతస్తుల్లో ఉంచే అలవాటు ఉంటే ఆ రోజు సగం పని తగ్గుతుంది.

ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసి ఏం చెప్పాలి?

ముందు చోటు, గుర్తుతో సహా. తర్వాత ఏ అంతస్తు, ఏం కాలుతోంది, లోపల ఎవరైనా ఉన్నారా, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయా. వాళ్లు పెట్టేయమనే దాకా ఫోన్ పెట్టేయకండి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న సందుల్లాంటి చోట పెద్ద బండి ఏ వైపు నుంచి దూరుతుందో చెప్పండి, ఒక మనిషిని మలుపు దగ్గర నిలబెట్టండి, అడ్డంగా ఉన్న బైకులు తీయించండి. బ్రహ్మోత్సవాల్లో దారులు మూస్తారు కాబట్టి ఆ తొమ్మిది రోజులకు ఇంకో దారి ముందే అనుకుని ఉంచండి.

రాత్రి రెండింటికి దొంగల అలారం నుంచి ఫోనొచ్చింది. నేనొక్కడినే వెళ్లి చూడొచ్చా?

వద్దు. 112కో 100కో చెప్పి, ఇంకో ఇద్దరిని తోడు తీసుకుని వెళ్లండి. షట్టర్ ఎత్తకుండా ముందు చుట్టూ తిరిగి చూడండి: తాళాలు, వెనక తలుపు, వెంటిలేటర్, మిద్దె తలుపు. ఫోన్లో సీసీ కెమెరా ఉంటే దారిలోనే చూడండి. ఏ జోన్ మొదట, ఏది తర్వాత పట్టిందో మెసేజ్‌లో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. షట్టర్ జోన్ ఒక్కటే అయితే గాలి కావచ్చు. ముందు వెనక తలుపు, పది సెకన్లకు లోపలి మోషన్ సెన్సర్ అయితే మనిషే. తాళం పగిలి కనిపిస్తే లోపలికి అడుగు పెట్టకండి, దేన్నీ ముట్టుకోకండి.

నగల షాపు గాజు తలుపుకు కార్డు లాక్ ఉంది. నిప్పంటుకుంటే తెరుచుకుంటుందా?

సరిగ్గా వైరింగ్ చేసి ఉంటేనే. మాగ్నెటిక్ లాక్‌కు కరెంటు తెగితే తలుపు వదులుతుంది. ఫైర్ ప్యానెల్ రిలే (ప్యానెల్ తనంతట తాను నడిపే స్విచ్) ఆ కరెంటును తెంచేలా కలపాలి, తలుపు పక్కనే పచ్చరంగు ఎమర్జెన్సీ బటన్ కూడా ఉండాలి. లాక్‌కు బ్యాటరీ ఉంటే రిలే ఆ బ్యాటరీ లైనును కూడా తెంచాలి. చాలాచోట్ల ఇక్కడే తప్పు జరుగుతుంది: మెయిన్ మాత్రమే తెగుతుంది, బ్యాటరీ తలుపును గట్టిగా పట్టుకునే ఉంటుంది. కాల్ పాయింట్ (గోడకుండే ఫైర్ అలారం బటన్) నొక్కి, తలుపు తోసి మీరే చూడండి.

## ఊరికే మోగుతుంటే

శుక్రవారం సాంబ్రాణి వేయగానే మోగుతోంది. డిటెక్టర్‌కు కవరు కట్టేయమంటారా?

కట్టకండి. ఆ కవరు శనివారం ఎవరూ తీయరు. ఆప్టికల్ డిటెక్టర్ లోపల ఒక చిన్న కాంతి ఉంటుంది. రేణువులు దానికి అడ్డం వచ్చి వెలుగు చెదిరితే 'పొగ' అంటుంది. అది సాంబ్రాణో, కాలుతున్న చీరో దానికి తేడా తెలియదు. పూజ చేసే చోటు మీద హీట్ డిటెక్టర్ పెట్టించడం, లేదా పొగ, వేడి రెండూ చూసే మల్టీ సెన్సర్ పెట్టించడం శాశ్వత మార్గం. అది కుదిరేదాకా ధూపం వేసే అరగంట ఆ జోన్ ఒక్కదాన్నే ప్యానెల్లో డిజేబుల్ చేయండి, ఒక మనిషిని అక్కడే ఉంచండి, రిజిస్టర్లో సమయం రాయండి, ఫోన్లో అలారం పెట్టుకుని తిరిగి ఎనేబుల్ చేయండి. మండపాల్లో హోమానికీ ఇదే పద్ధతి. మొత్తం ప్యానెల్ ఆఫ్ చేసి పెళ్లి జరిపించడం మాత్రం ఎప్పుడూ వద్దు, వెయ్యిమంది ఉన్న హాలది.

లాడ్జి గదుల్లో రోజుకో గది మోగుతోంది. కారణమేంటి?

గీజరు ఆవిరి మొదటి అనుమానం. బాత్‌రూము తలుపు ఎదురుగా ఉన్న డిటెక్టర్‌ను కనీసం ఒకటిన్నర మీటరు పక్కకు జరిపించండి. దోమల చుట్ట, గదిలో చేసే హారతి కర్పూరం, ఎలక్ట్రిక్ స్టవ్ మీద తాళింపు తర్వాతివి. వానలు మొదలైన వారంలో ఉసుళ్లు, తర్వాత సాలీళ్లు లోపల చేరతాయి. ఒకే గది మాటిమాటికీ మోగితే ఆ డిటెక్టర్‌ను పక్క గదిదానితో మార్చి చూడండి. మోత డిటెక్టర్ వెంట వెళ్తే దానిలో దుమ్ము, గదిలోనే ఉండిపోతే గదిలోనే కారణం. అడ్రసబుల్ అయితే మార్చేటప్పుడు అడ్రస్ నంబర్లు తారుమారు కాకుండా చూడాలి.

మనిషి లేకుండానే మోషన్ సెన్సర్ మోగుతోంది. ఎందుకు?

పీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేసే మోషన్) సెన్సర్ చూసేది మనిషిని కాదు, కదిలే వేడిని. ఆఫ్ చేయని ఫ్యాను గాలికి ఊగే చీర, పొద్దుటెండ పడే గాజు తలుపు, ఏసీ అవుట్‌లెట్, పిల్లి, పందికొక్కు అన్నీ దాన్ని మోసం చేస్తాయి. కొండ దిగువన కపిలతీర్థం, అలిపిరి వైపు కోతుల బెడద అదనం. సెన్సర్‌ను 2.1 నుంచి 2.4 మీటర్ల ఎత్తులో మూలకు పెట్టి, కిటికీని కాక లోపలి గోడను చూసేలా తిప్పండి. తనవైపు నేరుగా వచ్చే మనిషి కంటే తన ముందు అడ్డంగా నడిచే మనిషిని అది బాగా పడుతుంది. మైక్రోవేవ్ కలిసిన డ్యూయల్ సెన్సర్ పెడితే ఈ మోతలు బాగా తగ్గుతాయి. అయితే మైక్రోవేవ్ గాజును, పలచని గోడను దాటుతుంది కాబట్టి దాని రేంజి షాపు లోతుకు సరిపడా తగ్గించాలి.

మే నెలలో అదే సెన్సర్ మనిషి నడిచినా పట్టడం లేదు. పాడైందా?

పాడవక్కర్లేదు. మనిషి ఒంటి వేడికీ గది వేడికీ తేడా ఉంటేనే పీఐఆర్‌కు కనిపిస్తుంది. మూసిన షాపు 36, 37 డిగ్రీలకు చేరితే ఆ తేడా దాదాపు పోతుంది. మన ఎండలకు స్లాబు కింద అది మామూలే. అందుకే మోషన్ సెన్సర్ ఒక్కదాన్ని నమ్ముకోకుండా షట్టర్, తలుపు, వెంటిలేటర్లకు కూడా సెన్సర్లు ఉండాలి.

వానలు పడగానే 'ఎర్త్ ఫాల్ట్' అని వస్తోంది. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. జంక్షన్ బాక్సులోకి చెమ్మ చేరడం, ఇన్సులేషన్ చెక్కుకుపోయిన వైరు ఇనుప పైపును తాకడం కారణాలు. ఒక ఎర్త్ ఫాల్ట్‌తో సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది, అందుకే వదిలేస్తారు. రెండోది ఇంకోచోట కలిస్తే జోన్ మూగపోవచ్చు. టెర్రస్ మీది హూటర్, బయటి బాక్సు, సెల్లార్ వరసలో విప్పి చూడమనండి. ఒక్కో జోన్ వైరు పీకి చూస్తే ఏ జోన్ పీకినప్పుడు ఫాల్ట్ పోతుందో అదే దోషి.

## కరెంటు, బ్యాటరీ, సిమ్

కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది?

లెక్క మీరే వేసుకోవచ్చు. ప్యానెల్ మామూలుగా 0.15 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. 24 గంటలకు 3.6 ఆంపియర్ అవర్లు. హూటర్లన్నీ మోగితే 1 ఆంపియర్, అరగంటకు 0.5. మొత్తం 4.1. బ్యాటరీ పాతబడుతుంది కాబట్టి 1.25తో గుణిస్తే సుమారు 5.1. కాబట్టి 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపితే 24 వోల్టులతో సరిపోతాయి. హూటర్లు పెంచినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేయాలి.

బ్యాటరీ ఎప్పుడు మార్చాలి?

చల్లని గదిలో మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది కాబట్టి ఏసీ లేని కౌంటర్లో రెండేళ్లకే చూసుకోవాలి. చార్జర్ తీసి కాసేపాగి మీటరు పెడితే మంచి బ్యాటరీ 12.6 వోల్టులకు పైగా చూపాలి. అది ఒక్కటే చాలదు. మెయిన్ ఆపి హూటర్లు మోగించినప్పుడు 10.5 కిందికి పడితే అది చచ్చిన బ్యాటరీ. రెండూ ఒకేసారి మార్చాలి. పాతదానితో కొత్తది కలిపితే కొత్తది కూడా త్వరగా పోతుంది. పెట్టిన తేదీ మార్కర్‌తో మీదే రాయండి.

దొంగతనం జరిగినా ఫోన్ రాలేదు. ప్యానెల్ మంచిదే అంటున్నారు. మరి ఎందుకు రాలేదు?

ముందు ప్యానెల్లో ఫోన్ల కోసం పెట్టిన సిమ్ చూడండి. చాలాసార్లు ప్రీపెయిడ్ గడువు ముగిసి ఉంటుంది, ఎవరి ఫోన్లోనూ లేని నంబరు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. ఆ నంబరును యజమాని పేరు మీదే తీసుకుని, గడువు తేదీని ప్యానెల్ తలుపు లోపల రాయండి. సిమ్‌కు పిన్ లాక్ ఉండకూడదు. ప్యానెల్లో ఉన్నది 2జీ మాడ్యూల్ అయితే జియో సిమ్ పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ లేదు. ఇనుప బీరువా వెనక యాంటెన్నా పెడితే సిగ్నల్ అందదు. కనీసం మూడు నంబర్లు పెట్టండి, అందులో ఒకరు షాపుకు పది నిమిషాల దూరంలో ఉండేవాళ్లు కావాలి. ప్రతి నెలా ఒకసారి నిజంగా మోగించి, ముగ్గురికీ ఫోనొచ్చిందో లేదో అడగండి.

పిడుగు పడిన రాత్రి నుంచి ప్యానెల్ పిచ్చిగా చేస్తోంది. ఏం చూడాలి?

పవర్ సప్లై కార్డు, బయటి హూటర్ లైను, జీఎస్ఎం మాడ్యూల్ (సిమ్ ఉండే, ఫోన్లు చేసే భాగం) ముందు దెబ్బతింటాయి. బయటి లైన్లు పీకి ప్యానెల్ ఒక్కదాన్నే నడిపి చూడమనండి. ముందు జాగ్రత్తగా సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా పెరిగే కరెంటును ఆపేది), మంచి ఎర్తింగ్ ఉండాలి. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతే ప్రొటెక్టర్ ఉన్నా దండగే, నీళ్లు పోయించండి.

## టెస్టింగ్, రిపేర్లు

ఎన్నాళ్లకోసారి ఏం టెస్ట్ చేయాలి?

రోజూ ప్యానెల్ చూడటం: పచ్చ ఒక్కటే ఉందా. వారానికోసారి ఒక కాల్ పాయింట్‌ను టెస్ట్ తాళంచెవితో మోగించడం, ప్రతి వారం వేరేది. అలా తిరిగితే అన్నీ వరసలోకి వస్తాయి. నెలకోసారి మెయిన్ ఆపి బ్యాటరీ మీద మోగించడం, ఫోన్ కాల్ చూడటం. మూడు నెలలకో ఆరు నెలలకో సర్వీసువాళ్లతో డిటెక్టర్లు శుభ్రం చేయించడం, ఏడాదిలో ప్రతి డిటెక్టర్ ఒక్కసారైనా నిజంగా పట్టేలా చూడటం. ఈ పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 2189, సర్వీసు ఒప్పందంలో ఆ పేరు రాయించండి. టెస్ట్‌కు ముందు గదుల్లో ఉన్నవాళ్లకు చెప్పాలి. పంపులు, లిఫ్ట్ అలారంతో కలిపి ఉంటే వాటి మనిషికి చెప్పాలి. లాడ్జిలో పదకొండు గంటల వేళ మంచిది.

అగరుబత్తి పెట్టి స్మోక్ డిటెక్టర్ టెస్ట్ చేయొచ్చా?

మోగుతుంది కానీ జిడ్డు లోపల అంటుకుని తర్వాత ఊరికే మోగడం మొదలవుతుంది. టెస్ట్ స్ప్రే డబ్బా వాడాలి. హీట్ డిటెక్టర్‌కు హెయిర్ డ్రయ్యర్ చాలు, నిప్పు చూపించకూడదు. శుభ్రానికి మెత్తని బ్రష్షు, వాక్యూమ్ వాడండి. తడిగుడ్డ వద్దు, నోటితో ఊదడం కూడా వద్దు, దుమ్ము ఇంకా లోపలికి పోతుంది.

రంగులేస్తున్నారు, ఫాల్స్ సీలింగ్ కోస్తున్నారు. డిటెక్టర్లను ఏం చేయాలి?

దుమ్ము టోపీలు తొడగాలి. పొద్దున లెక్కపెట్టి ఇవ్వండి, సాయంత్రం లెక్కపెట్టి తీసుకోండి. పెయింటు పడిన డిటెక్టర్‌ను తుడిచి వాడకూడదు, మార్చేయాలి. వెల్డింగు పని జరిగితే పని ఆగాక కూడా ఒక గంట మనిషి అక్కడే కాపలా ఉండాలి, నిప్పురవ్వ స్పాంజిలో నిదానంగా రాజుకుంటుంది.

సర్వీసు కంపెనీని మారుస్తున్నాం. పాతవాళ్ల దగ్గర ఏమేం తీసుకోవాలి?

ఇన్‌స్టాలర్ కోడ్ ముందు. అది లేకపోతే కొత్తవాళ్లు ఏ మార్పూ చేయలేరు, కొన్నిసార్లు ప్యానెల్ బోర్డే మార్చాల్సి వస్తుంది. వైరింగ్ డ్రాయింగు, జోన్ చార్టు, అడ్రసబుల్ అయితే ప్రోగ్రాం ఫైలు, కాల్ పాయింట్ తాళంచెవులు, మిగిలిన స్పేర్ డిటెక్టర్లు, లాగ్ రిజిస్టరు తీసుకోండి. ఒక కంపెనీ అడ్రసబుల్ డిటెక్టర్ ఇంకో కంపెనీ ప్యానెల్‌తో సాధారణంగా మాట్లాడదు కాబట్టి, 'మా డిటెక్టర్లు పెడతాం, ప్యానెల్ అలాగే ఉంచుతాం' అని కొత్తవాళ్లంటే ఒకటి పెట్టి చూపించమనండి. అన్నీ చేతికొచ్చిన రోజే ఇన్‌స్టాలర్ కోడ్, మాస్టర్ కోడ్ మార్పించండి, ప్యానెల్లో ఉన్న పాతవాళ్ల ఫోన్ నంబర్లు తీయించండి, మొబైల్ యాప్‌లో వాళ్ల లాగిన్ మిగిలి ఉందేమో చూసి తొలగించండి.